ఎన్నికల వేళ మన పిల్లలు ఏమి వింటున్నారు?

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలను గురించి మన సభలలో మాట్లాడుకోవటం కొత్త కాదు. ఎవరికి టిక్కెట్టు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఓటర్ల జాబితాలో మన పేర్లు ఉన్నవా లేవా, మేనిఫెస్టోలో మనకు చేసిన వాగ్దానాలేమిటి, వాటిలో నెరవేరినవి ఎన్ని - ఈ లెక్కలు ప్రతి అయిదేండ్లకూ వేసుకుంటూనే ఉన్నాము. అయితే ఈ లెక్కలలో ఎక్కడా చేరనివారు మన ఇండ్లలోనే ఉన్నారు. వారికి ఓటు లేదు. వారి అభిప్రాయం ఎవరూ అడగరు. అయినా మైకులలో, టీవీలలో, సెల్‌ఫోన్లలో పలికే ప్రతి మాటా వారి చెవిన పడుతున్నది. వారు మన పిల్లలు. నాలుగైదు ఏండ్ల నుండి పన్నెండేండ్ల లోపు పిల్లలకు ఎన్నికలు ఎట్లా కనిపిస్తాయి, ఆ మాటలు విని వారు ఏమనుకుంటారు, అప్పుడు మనం ఏమి చేయాలి అనే విషయం మీ ముందుంచటానికి మేము ఈ అవకాశం తీసుకున్నాము.

పిల్లలు ముందుగా చూసేది గుర్తునే

1951-52లో మన దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగిన నాటికి ఓటర్లలో అత్యధికులు చదువు రానివారు. వారు అభ్యర్థిని పోల్చుకోవటానికి వీలుగా గుర్తులను ప్రవేశపెట్టారు. నేడు ఆ గుర్తులను అందరికంటే శ్రద్ధగా చదువుతున్నవారు ఇంకా అక్షరాలు దిద్దుతున్న పసివారు. చేయి, కమలం, సైకిలు, ఫ్యాను, కారు, పతంగి - ఇవన్నీ వారికి తెలిసిన వస్తువులే. సైకిలు కావాలని మారాం చేసే పిల్లవాడు సైకిలుకే ఓటు వేయమంటాడు. హైదరాబాదు పాతబస్తీలో మేడల మీద పతంగులు ఎగురవేసే పిల్లలకు పతంగి ముందు ఆటవస్తువు, ఆ తరువాతనే పార్టీ గుర్తు. ప్రచార వాహనం వీధిలోకి వస్తే వారికి అది పెండ్లి బరాత్ వంటిదే. బ్యాండు, పాట, కండువా, కాగితపు జెండా - వీటి వెంట పరుగెత్తుతారు. అందులో సిద్ధాంతమేమీ లేదు. ఉన్నది సంబరం మాత్రమే.

ఆరేడు ఏండ్లు వచ్చేసరికి ఎన్నిక అంటే ఒక పందెం అనే భావం ఏర్పడుతుంది. గెలిచినవాడు మంచివాడు, ఓడినవాడు చెడ్డవాడు. ఈ వయసు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఓడిపోయినవాళ్ళను ఏమి చేస్తారు? జైలులో పెడతారా? ఊరు నుండి పంపించేస్తారా?" ఈ ప్రశ్న విని పెద్దలు నవ్వి ఊరుకుంటారు. కాని ఇది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. ప్రజాస్వామ్యానికి ప్రాణమైన విషయం అందులోనే ఉన్నది. ఓడినవారు ఎక్కడికీ పోరు, సభలో ఎదుటి వరుసలో కూర్చుని ప్రశ్నలు అడుగుతారు, గడువు తీరిన తరువాత మళ్ళీ ప్రజల ముందుకు వస్తారు, ఓడిన పార్టీకి ఓటు వేసిన ఇంటికి కూడా రేషన్ బియ్యం ఆగకూడదు అని ఆ పిల్లవాడికి చెప్పాలి. ఓడటం అంటే లేకుండా పోవటం కాదని తెలిసిన పిల్లవాడికి సగం భయం తీరుతుంది.

తొమ్మిది, పది ఏండ్లకు పిల్లలలో న్యాయాన్యాయాల పట్టింపు పెరుగుతుంది. "అది ఫెయిర్ కాదు" అని ఆటలో వాదించే వయసు అది. పెద్దలు చెప్పినదానికీ చేసినదానికీ పొత్తు కుదరకపోతే వెంటనే పట్టుకుంటారు. తాము ఏ సమూహానికి చెందినవారో, ఆ సమూహాన్ని గురించి ఇతరులు ఏమి మాట్లాడుతున్నారో గమనిస్తారు.

నిజానికి ఈ గమనిక అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు మూడు నుండి ఏడేండ్ల లోపు నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మనూ నల్ల బొమ్మనూ పెట్టి, వీటిలో ఏది మంచిదని అడిగారు. ఎక్కువ మంది పిల్లలు తెల్ల బొమ్మనే చూపించారు. బడులలో జాతుల వారీ వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉన్నది. సమాజం తన వారిని ఏ దృష్టితో చూస్తున్నదో చదవటం రాని పిల్లవాడు కూడా పసిగడతాడని ఆ దంపతులు లోకానికి చూపించారు.

పాలకుని బొమ్మ అందరి కళ్ళకూ ఒకటే కాదు

పిల్లల రాజకీయ భావనలపై తొలినాళ్ళలో పరిశోధన చేసినవారిలో ఫ్రెడ్ గ్రీన్‌స్టీన్ ఒకరు. 1958లో న్యూ హేవెన్ నగరంలో నాలుగు నుండి ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలను ఆయన ప్రశ్నించారు. అధ్యక్షుడు ఏమి పని చేస్తాడో ఆ పిల్లలకు సరిగా తెలియదు. కాని ఆయన మంచివాడని, అందరినీ కాపాడతాడని మాత్రం గట్టిగా నమ్ముతున్నారు. దూరాన ఉన్న దయగల తండ్రి వలె పాలకుడు వారికి కనిపించాడు. దీనిని బట్టి పిల్లలందరూ పాలకుని ఇట్లాగే చూస్తారని చాలా మంది అనుకున్నారు.

పదేండ్ల తరువాత, 1968లో, డీన్ జారోస్, మరి ఇద్దరు పరిశోధకులు కెంటకీ రాష్ట్రంలోని అపలాచియా కొండ ప్రాంతపు పేద పిల్లలను గురించి ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడి పిల్లలలో పాలకునిపై ఆ నమ్మకం చాలా తక్కువగా కనిపించింది. దేశం అదే, వ్యవస్థ అదే, పిల్లల వయసు కూడా దాదాపు అదే. బ్రతుకు వేరు. అంటే పాలకుని బొమ్మ పిల్లవాడి మనసులో దానంతట అదే ఏర్పడేది కాదు. ఇంటిలో విన్నదీ, వీధిలో చూసినదీ, తన వారి పట్ల జరిగినదీ కలిసి దానికి రంగులు అద్దుతాయి.

ఈ విషయం మన పిల్లలకు ఎట్లా వర్తిస్తుందో చూద్దాము.

వాగ్దానాలలో తన పేరు విన్న పిల్లవాడు

సాధారణంగా ఎన్నికల వాగ్దానం అంటే రోడ్డు, పింఛను, ఉద్యోగం, ఇల్లు. వీటిలో పిల్లవాడి ప్రసక్తి ఉండదు. కాని ముస్లిం పిల్లవాడికి గత కొన్ని ఎన్నికలలో వేరే అనుభవం కలుగుతున్నది. తాను ఎవరో ఆ సంగతే ఎన్నికల అంశమైనది.

2023లో తెలంగాణ శాసనసభ ఎన్నికలు, 2024లో లోక్‌సభ ఎన్నికలు జరిగినప్పుడు ముస్లింల నాలుగు శాతం రిజర్వేషన్ తీసివేస్తామని కేంద్ర హోంమంత్రి సభలలో పదే పదే ప్రకటించారు. ఆ మాటలు టీవీలో రోజుకు ఎన్ని సార్లు ప్రసారమైనవో మీకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడాలో ప్రధానమంత్రి చేసిన ప్రసంగంలో ముస్లింల ప్రస్తావన వెంటనే చొరబాటుదారులు, ఎక్కువ మంది పిల్లలున్నవారు అనే మాటలు వచ్చాయి. తాను ముస్లింలను ఉద్దేశించి ఆ మాట అనలేదని ఆ తరువాత ఒక ముఖాముఖిలో ఆయన చెప్పారు. ఉద్దేశం ఏమిటన్నది పెద్దలు వాదించుకోవచ్చు. మేము అడిగేది వేరు. ముగ్గురు నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఉన్న ఇంటిలో ఎనిమిదేండ్ల పిల్లవాడు టీవీ ముందు కూర్చుని ఆ మాట విన్నాడు. వాడికి అర్థమైనది ఏమిటి? తాను పుట్టటమే ఎవరికో అభ్యంతరమని అర్థమైనది. తన చెల్లెలు పుట్టటం ఒక తప్పు అని అర్థమైనది. ఆ తరువాత వచ్చిన వివరణ వాడి చెవిన పడదు.

ఇటువంటి వేళ పిల్లలు అడిగే ప్రశ్నలు మనలో చాలా మంది విన్నవే. "అమ్మీ, వాళ్ళు గెలిస్తే మనం ఇల్లు ఖాళీ చేయాలా?" "అబ్బా, రిజర్వేషన్ అంటే ఏమిటి? మన దగ్గర నుండి తీసుకుపోతారా?" "నేను బడిలో ఉర్దూ మాట్లాడవచ్చా?" ఈ ప్రశ్నలు అడిగినవారు అదృష్టవంతులు. వారి భయం బయటకు వచ్చింది. అడగని పిల్లల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఇది మన ఒక్క దేశపు సంగతి కాదు. అమెరికాలో 2016 అధ్యక్ష ఎన్నికల ప్రచారం సాగుతున్న రోజులలో సదరన్ పావర్టీ లా సెంటర్ అనే సంస్థ సుమారు 2000 మంది ఉపాధ్యాయుల అభిప్రాయాలు సేకరించింది. ఎన్నికల తరువాత తమకు ఏమవుతుందో అని విద్యార్థులు, ముఖ్యంగా వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, ముస్లిం పిల్లలు భయపడుతున్నారని వారిలో మూడింట రెండు వంతులకు పైగా ఉపాధ్యాయులు చెప్పారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకూ ఆ సంవత్సరం పిల్లలకు ఏమి చెప్పాలనే ప్రశ్న తప్పలేదు. దేశాలు వేరైనా, మైనారిటీ ఇంటి పిల్లవాడు ఎన్నికలను ఒకే తీరుగా వింటాడు.

మన దేశంలో నాజియా ఎరమ్ అనే రచయిత్రి 12 నగరాలలో 145 కుటుంబాలతో మాట్లాడి, ముస్లిం తల్లుల అనుభవాలపై ఒక పుస్తకం వ్రాశారు. మంచి పేరున్న బడులలో కూడా మతం పేరిట పిల్లలను వెక్కిరించటం, పాకిస్తాన్ పొమ్మనటం వంటివి అందులో నమోదైనవి. వెక్కిరించినవారు కూడా పిల్లలే. వారు కూడా టీవీ నుండి, భోజనాల బల్ల వద్ద పెద్దల మాటల నుండి నేర్చుకున్నవారే. ఈ సంగతి మరచిపోకూడదు.

భయం ఏ రూపంలో వస్తుంది?

పెద్దవారికి భయం వేస్తే భయం వేసిందని చెబుతారు. చిన్నపిల్లలు అట్లా చెప్పలేరు. వారి భయం మరొక దారిన బయటపడుతుంది. ఉదయం బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి వస్తుంది. మానివేసిన పక్క తడపటం మళ్ళీ మొదలవుతుంది. రాత్రి తండ్రి ఇంటికి చేరేవరకు నిద్రపోరు. కొందరు టోపీ సంచిలో దాచుకుని బడికి వెళతారు. కొందరు ఆడపిల్లలు అమ్మను బడి గేటు వద్దకు రావద్దంటారు. టిఫిన్ డబ్బాలో కూర ఏమి పెట్టారని ముందే అడిగి చూసుకుంటారు. మరికొందరు దీనికి విరుద్ధంగా గొడవలకు దిగుతారు. తరగతిలో తమను అన్న మాటకు రెండింతలు తిరిగి అంటారు. ఈ రెండు తీరులూ భయం నుండి పుట్టినవే.

ఇవి కనిపించినప్పుడు బెదిరించటం, సోమరితనమని తిట్టటం తగదు. వారం పది రోజులలో తగ్గకపోతే పిల్లల వైద్యునికి చూపించాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంటిలో ఏమి చెప్పాలి?

మొదటిది, చెప్పటం కంటే ముందు అడగాలి. "నువ్వు ఏమి విన్నావు?" అని అడిగితే చాలు. పిల్లవాడు విన్నది మనం ఊహించినదానికంటే భిన్నంగా ఉండవచ్చు. వాడు అడగని భయాన్ని మనం నెత్తిన పెట్టకూడదు. వాడు అడిగినదానిని దాటవేయకూడదు.

రెండవది, నిజం చెప్పాలి, వయసుకు తగినంత చెప్పాలి. "ఏమీ కాదు, నోరు మూసుకుని పడుకో" అన్నంత మాత్రాన భయం పోదు. రిజర్వేషన్‌నే తీసుకుందాము. 2007 నాటి చట్టం ప్రకారం ఇది ముస్లింలందరికీ ఇచ్చినది కాదు. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవని గుర్తించిన 14 వర్గాలకు బీసీ-ఇ పేరిట ఇచ్చినది. ధోబీలు, హజాంలు, ఫకీర్లు, ఖురేషీలు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, తురక కాశలు వంటి వారు అందులో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్లు, మొఘల్‌లు లేరు. 2010లో హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టివేయగా, అదే సంవత్సరం సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. పదేండ్ల పిల్లవాడికి ఇంత అవసరం లేదు. "బట్టలు ఉతికేవారు, క్షవరం చేసేవారు, రాళ్ళు కొట్టేవారు తమ పిల్లలను చదివించుకోవటానికి ప్రభుత్వం కొన్ని సీట్లు ఉంచింది. అవి ఉండాలా వద్దా అని పెద్దలు వాదించుకుంటున్నారు. దానిని ఒక్క మైకు తీసివేయలేదు, చట్టం ఉన్నది, కోర్టు ఉన్నది" అని చెబితే చాలు. ఆ మాటలో అబద్ధం లేదు, బెదిరింపు లేదు.

మూడవది, పార్టీని, పొరుగువారిని వేరు చేసి చూపించాలి. వేదిక మీద ఒక నాయకుడు అన్న మాటను ప్రక్కింటి అంకుల్‌కు, బడిలో తెలుగు చెప్పే టీచరమ్మకు అంటగట్టకూడదు. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకు వచ్చి రొట్టెలు మార్చుకునేవారిలో వేలాది మంది హిందూ సోదరులు. ఈ సంగతి పిల్లవాడికి పుస్తకం ద్వారా చెప్పనవసరం లేదు, కళ్ళతో చూసినదే. ఎన్నికల నెలలో ఇంటిలో మన నోటి నుండి వచ్చే "వాళ్ళంతా అంతే" అనే మాట, వీధిలో మైకు చేసే పనినే మన ఇంటిలో చేస్తుంది. మనలను అన్నవారిని ఖండించే హక్కు మనకు ఉన్నది. ఒక మతస్థులందరినీ పిల్లల ముందు నిందించే హక్కు మనకు లేదు.

నాలుగవది, టీవీ. ఓట్ల లెక్కింపు రోజున ఉదయం నుండి రాత్రి వరకు ఇంటిలో అరుపులు మ్రోగనివ్వవద్దు. పెద్దలు ఫలితాలు చూసుకోవచ్చు. పిల్లల ముందు చర్చల పేరిట జరిగే తగవులు చూడనవసరం లేదు. వాట్సాప్‌లో వచ్చే దాడుల దృశ్యాలు పిల్లల చేతిలో ఉన్న ఫోనులో తెరవవద్దు.

ఓటును గౌరవంగా చూపించాలి

భయం తీర్చటంతో మన పని పూర్తి కాదు. ఎన్నిక అంటే తమకు కూడా చెందినదని పిల్లలకు తెలియాలి. ఓటు ఒక అమానత్ అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. పిల్లవాడు దానిని మాటలలో కంటే మన నడవడిలో చూస్తాడు. రాత్రి పొద్దుపోయిన తరువాత తలుపు తట్టి ఇచ్చిన డబ్బు కవరును అందుకోవటం వాడు చూస్తే, ఓటుకు ధర ఉన్నదని నేర్చుకుంటాడు. దానిని తిప్పి పంపటం చూస్తే, అమానత్ అనే మాటకు అర్థం నేర్చుకుంటాడు. ఈ పాఠం ఏ మదరసాలోను, ఏ బడిలోను ఇంత గట్టిగా పడదు.

పోలింగు కేంద్రంలోకి ఓటరు వెంట చంకలోని బిడ్డను అనుమతించే నియమం ఉన్నది. నడిచే పిల్లలను ఇంటివద్ద పెద్దల దగ్గర ఉంచి, తిరిగి వచ్చిన తరువాత వేలి మీది సిరా చూపించండి. మైసూరులో తయారయ్యే ఆ సిరాను 1962 సార్వత్రిక ఎన్నికల నుండి వాడుతున్నారు. నవాబు వేలికీ, నౌకరు వేలికీ పడేది అదే గుర్తు అని చెప్పండి. దాదీ, నానీ మొదటిసారి ఓటు వేసిన సంగతి వారినే చెప్పమనండి. 1989 వరకు 21 ఏండ్లు నిండితేనే ఓటు ఉండేదని, ఇప్పుడు 18కే వచ్చిందని చెప్పండి. "నీకు ఇంకా ఎన్ని ఏండ్లు?" అని లెక్క కట్టించండి. ఆ లెక్క కట్టిన పిల్లవాడు ఈ దేశంలో తన స్థానాన్ని తానే గుర్తిస్తాడు.

కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు

పిల్లలను ప్రచారానికి వాడుకోవటంపై ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరి 5న స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. కరపత్రాలు పంచటం, పోస్టర్లు అతికించటం, నినాదాలు పలికించటం, ర్యాలీలలో తిప్పటం, నాయకులు పిల్లలను ఎత్తుకుని ప్రచారం చేయటం - ఇవన్నీ నిషిద్ధం. బాలకార్మిక చట్టం కూడా వర్తిస్తుందని ఆ ఆదేశాలు గుర్తు చేశాయి. తల్లిదండ్రుల వెంట ఉన్న బిడ్డ ప్రచారంలో పాల్గొనకుండా ఊరికే నాయకుని సమీపంలో ఉంటే తప్పు కాదు. ఈ నియమం ఇతర పార్టీలకు ఎంతో, మనం అభిమానించే పార్టీలకూ అంతే. బిర్యానీ పొట్లానికో, వంద రూపాయలకో మన బస్తీల పిల్లలను ఎండలో జెండాలు మోయించేవారు ఎవరైనా సరే, కార్యకర్తలు అడ్డుకోవాలి.

బడిలో మతం పేరిట వేధింపు జరిగితే పిల్లవాడిని ఓర్చుకోమని చెప్పి వదిలివేయకండి. తేదీ, అన్న మాట, విన్నవారి వివరం వ్రాసి ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా ఇవ్వండి, నకలుపై సంతకం తీసుకోండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ విద్యార్థిని మానసికంగా వేధించటాన్ని నిషేధించింది. ఆ చట్టం అమలును పర్యవేక్షించే బాధ్యత బాలల హక్కుల కమిషన్లది. అత్యవసరమైతే 1098 నంబరు ఉన్నది. ఫిర్యాదు ఉద్దేశం ఎదుటి పిల్లవాడిని శిక్షింపజేయటం కాకూడదు. ఆ మాట తప్పని తరగతి మొత్తానికి తెలిసేటట్లు చేయటమే కావాలి.

ఉపాధ్యాయులకు మరొక విన్నపం. తరగతి లీడరును మీరు నియమించకండి. రహస్య ఓటుతో పిల్లలనే ఎన్నుకోనివ్వండి. ఓడినవారికి కూడా ఒక బాధ్యత అప్పగించండి. ఎక్కువ మంది కోరిక నెరవేరుతూనే, తక్కువ మంది మాట కూడా వినవలసి ఉంటుందని పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. భారతదేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో, తనకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉన్నదని 12వ అధికరణం, మైనారిటీ పిల్లలు తమ మతం, భాష, సంస్కృతి నిలుపుకొనే హక్కు ఉన్నదని 30వ అధికరణం చెబుతున్నాయి. ఈ రెంటికీ మొదటి అభ్యాసం తరగతి గదిలోనే జరగాలి.

సోదర సోదరీమణులారా! 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం నూటికి 14 మందికి పైగా ఉన్నాము. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందిలో ముస్లిం సభ్యులు 24 మంది. ఈ సంఖ్య పెరగాలని మనం కోరుతున్నాము, కోరుతూనే ఉంటాము. కాని రేపు ఆ స్థానాలకు పోటీ చేయవలసినవారు, ఓటు వేయవలసినవారు నేడు మన టీవీ ముందు కూర్చుని వింటున్నారు. "ఈ ఆట నాది కాదు" అని ఎనిమిదేండ్లకే నిర్ణయించుకున్న పిల్లవాడిని పద్దెనిమిదేండ్లకు ఓటర్ల జాబితాలో చేర్పించటం కష్టం. వచ్చే ఎన్నికలకు మేనిఫెస్టోలు చదవటానికి ముందు, ప్రతి ఇంటిలో ఒక సాయంత్రం పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని వారు ఏమి విన్నారో వినండి. వారి ప్రశ్నలను కార్యకర్తలు సేకరించి మీ ప్రాంతంలోని అన్ని పార్టీల అభ్యర్థుల ముందు ఉంచండి. వారు ఏమి జవాబు చెబుతారో పిల్లలు కూడా వింటారు.